డ్రాగన్ కార్డు అమ్మబోతే

పెళ్లయి కరీంనగర్ వచ్చినప్పుడు నా సామానులో ఒక బిస్కెట్ల డబ్బా కూడా వచ్చింది. అందులో కార్డులుండేవి. పేకముక్కలు కావు. ఒక్కోదాని మీద ఒక వింత జంతువు బొమ్మ, దాని కింద దాని బలమెంతో, ఎదుటి జంతువును ఎలా కొడుతుందో ఇంగ్లీషులో రాసి ఉండేవి. విదేశాల్లో పిల్లలు వాటితో ఆడుకుంటారు, ఒకరితో ఒకరు మార్చుకుంటారు, పెద్దయ్యాక కూడా కొందరు దాచుకుంటారు.

అవి నాకెలా వచ్చాయంటే, మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కాలనీలో మా పక్క క్వార్టరుకు ఎక్కడెక్కడి వాళ్లో బదిలీ మీద వచ్చి పోయేవాళ్లు. అట్లా వచ్చిన ఒక ఉత్తరాది కుటుంబంలో నా ఈడు పిల్ల ఉండేది. వాళ్ల మేనమామ సింగపూర్ నుంచి వచ్చినప్పుడల్లా ఆ పిల్లకు కార్డుల పొట్లాలు తెచ్చేవాడు. మేమిద్దరం వాళ్ల వరండాలో చాప వేసుకుని ఆడేవాళ్లం. నియమాలు సగమే తెలుసు, మిగతా సగం మేమే కల్పించుకున్నాం. వాళ్లకు మళ్లీ బదిలీ అయి సామాను లారీకెక్కుతున్నప్పుడు ఆ పిల్ల పరుగున వచ్చి డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తర్వాత ఎక్కడుందో తెలియదు.

డబ్బాలో అన్నిటికన్నా మెరిసేది డ్రాగన్ కార్డు. నారింజరంగు ఒళ్లు, పెద్ద రెక్కలు, నోట్లోంచి నిప్పు.

నేను జాకెట్లు కుడతాను. ఇంటి ముందు గదే నా దుకాణం. పోయినేడు ఒక మధ్యాహ్నం చీర అంచులు కుట్టే పికో మిషన్ దగ్గర కూర్చుని ఫోన్లో ఏదో చూస్తుంటే, ఆ డ్రాగన్ కార్డే కనిపించింది. ఎవరో ఒకాయన దాన్ని గాజుపెట్టెలో పెట్టుకుని, దాని ధర ఎంత పెరిగిందో చెబుతున్నాడు. నేను కాలు తీసి మిషన్ ఆపేశాను. ఎంబ్రాయిడరీ పనికి పెద్ద మిషన్ కొనాలని అప్పటికి చాలాకాలంగా అనుకుంటున్నాను. డబ్బా దించి మా ఆయనకు చూపించాను.

మా ఆయన బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్. ఆయనకు తీగ ముట్టుకునే ముందు టెస్టర్ పెట్టి చూడటం అలవాటు. మనుషుల విషయంలోనూ అంతే అని నేననుకునేదాన్ని. కానీ ఆ డబ్బా చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

“గివాటికి గంత ధర పలుకుతదానే? అయితే ఊకె డబ్బల ఎందుకు పెట్టినవ్? అమ్మేయ్!”

“ఎక్కడ అమ్మాలె?”

“ఫోన్ల. గిప్పుడు పాత మంచాలు సుత ఫోన్లనే అమ్ముతుండ్రు.”

ఆయన చెప్పిన పాత సామాన్ల యాప్‌లోనే మొదట పెట్టాను. మా మంచం మీది పచ్చపూల దుప్పటి మీద కార్డులన్నీ పరిచి ఫొటోలు తీశాను. పెట్టిన కాసేపటికే ఫోన్ మోగింది. అవతలి మనిషి తాను మిలిటరీలో పెద్ద ఉద్యోగినని హిందీలో చెప్పాడు. కార్డులన్నీ కొంటానన్నాడు. ధర తగ్గించమని ఒక్క మాట అనలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. జాకెట్ కుట్టుకూలి దగ్గర కూడా బేరమాడని మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆయన నా ఫోనుకు ఒక గళ్లగళ్ల బొమ్మ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. కొట్టగానే నా ఖాతాలో డబ్బు పడుతుందన్నాడు.

“పైసలు వచ్చేటోళ్లకు పిన్ ఎందుకు సార్?” అన్నాను వచ్చీరాని హిందీలో.

“మిలిటరీ ఖాతాలు వేరు మేడమ్. దేశ రక్షణ సంగతి.”

“దేశ రక్షణకు నా పిన్ ఎందుకు?”

ఆ మాటతో ఆ గొంతే మారిపోయింది. నేను చదువు లేనిదాన్నని, నా మీద కేసు పెడతానని అరిచాడు. ఫోన్ పెట్టేశాను. తప్పు చేయలేదని తెలిసినా, కేసు అనే మాట వింటే ఎందుకో భయం వేస్తుంది. ఆ రోజే ప్రకటన తీసేశాను.

తర్వాత ప్రపంచమంతా వేలం వేసుకునే పెద్ద సైటు ఒకటుందని తెలిసింది. అక్కడ ధర బాగా వస్తుందట. చేరడానికి పాన్ కార్డు, బ్యాంకు వివరాలు, నా ముఖం అటూ ఇటూ తిప్పిన వీడియో అడిగారు. ఇవన్నీ ఇవ్వడానికి సిద్ధమయ్యాక, అమ్మినవాళ్లు రాసుకున్న అనుభవాలు చదివాను. కార్డు అందుకుని ‘అందలేదు’ అన్నవాళ్లున్నారట. అసలుది ఉంచుకుని నకిలీది తిప్పి పంపినవాళ్లున్నారట. గొడవ వస్తే ఆ సైటు వాళ్లు ఎక్కువగా కొన్నవాళ్ల మాటే వింటారట. విదేశానికి పోస్టులో పంపినది కస్టమ్స్ దగ్గర ఆగిపోతే ఎవర్ని అడగాలో ఎవరూ రాయలేదు. నేను పక్కనున్న చొప్పదండి దాటి పార్శిల్ పంపిన మనిషిని కాను. ఆ పేజీ మూసేశాను.

మూడోది, మన దేశంలో కార్డులు దాచుకునేవాళ్ల గుంపు. ఫోన్లోనే నడుస్తుంది. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు అందరూ అందులోనే. ఇక్కడైనా మనుషులు కనిపిస్తారు కదా అని చేరాను. చేరగానే వాళ్లు నన్నే అనుమానించారు. ఒక కాగితం మీద నా పేరు, ఆ రోజు తేదీ రాసి, కార్డుల పక్కన పెట్టి ఫొటో పంపమన్నారు. ఇంతకుముందు మీ దగ్గర ఎవరైనా కొన్నారా, వాళ్ల చేత చెప్పించగలరా అని అడిగారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకున్న వాళ్లు ఊరంతా ఉన్నారు గానీ, కార్డులు కొన్నవాళ్లు ఎక్కడుంటారు? ఒళ్లు మండింది. నేను అందర్నీ అనుమానిస్తున్నానే గానీ, నన్ను కూడా ఎవరో అలా చూస్తారని అప్పటిదాకా తట్టలేదు. అయినా కాగితం రాసి, ఫొటో తీసి పంపాను.

ఆ గుంపులో ఇద్దరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు.

ఒకాయనది భైంసా. పత్తి వ్యాపారం చేసే కుటుంబమట. ఆయన అడిగిన ప్రశ్నలకు అంతులేదు. డ్రాగన్ కార్డు వెనకవైపు నీలంరంగు దగ్గరగా చూపమన్నాడు. అంచులు చూపమన్నాడు. చీకటి గదిలో కార్డు వెనక టార్చి పెట్టి వీడియో తీయమన్నాడు. డబ్బాలో ఎన్నేళ్లుంది, అంతకుముందు ఎవరి చేతిలో ఉంది, మధ్యలో ఎవరైనా తీశారా అని అడిగాడు. పోలీసులు కూడా అంత అడగరు.

రెండో ఆయన బెంగళూరు నుంచి. మంచి తెలుగే మాట్లాడాడు. ఆయనకు డ్రాగన్ ఒక్కటే కావాలి. ఏ ప్రశ్నా లేదు. ఫొటోలు బాగున్నాయని, అదే చాలని, నేను సరేనంటే కొంత సొమ్ము ముందే పంపుతానని అన్నాడు.

“గీ బెంగళూరాయనకే ఇయ్యి,” అన్నాడు మా ఆయన. “భైంసాయన వంకలు వెతుకుతుండు. ధర దించనీకె గిదంత.”

“ఏం అడగకుంట కొంటా అన్నోడు ఎట్లాంటోడో మనకేం తెలుసు?”

“నీకు అడిగినోడూ దొంగే, అడగనోడూ దొంగే. గింకెవరికి అమ్ముతవ్?”

 చివరికి భైంసాయనతో, టార్చీలు వీడియోలు నావల్ల కాదు, చూడాలనుంటే వచ్చి చూసుకోమన్నాను. ఆయన కరీంనగర్ రానన్నాడు. నేను భైంసా పోనన్నాను. ఎవరి ఊళ్లో వాళ్లకు బలగం ఉంటుంది కదా. ఇద్దరికీ నడుమ పడుతుందని నిర్మల్ బస్టాండ్ అనుకున్నాం.

ఆ ఆదివారం జగిత్యాల మీదుగా పోయే బస్సెక్కాం. డబ్బా నా ఒళ్లో ఉంది. మా ఆయన నా పక్కన కూర్చుని, మా సంచి వైపు ఎవరు చూసినా తిరిగి చూస్తున్నాడు. సోన్ దగ్గర గోదావరి దాటేటప్పుడు అందరూ నదిలోకి పైసలు విసురుతుంటే, నేను కిటికీ వైపు చేయి చాచడానికి కూడా డబ్బా వదల్లేదు.

భైంసాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను ఊహించుకున్నది బంగారు గొలుసులు వేసుకున్న సేటును. వచ్చింది సన్నగా, కళ్లద్దాలు పెట్టుకున్న, నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు. మాటలో మరాఠీ యాస. మరాఠీలో అక్కను పిలిచినట్టు నన్ను ‘తాయీ’ అని పిలిచాడు. వాళ్లావిడ మాత్రం నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. బస్సులో మా ఆయన అందరినీ చూసిన చూపే అది.

బస్టాండ్ ఎదురుగా ఉన్న హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాం. ఛాయ్ చెప్పారు. నేను డబ్బా తెరిచాను. అతను మొదట చేతులు తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి చిన్న భూతద్దం, పెన్నంత టార్చి తీశాడు. ఒక్కో కార్డు అంచు పట్టుకుని ఎత్తి, చూసి, ఇంకో పక్కన పెడుతూ పోయాడు. కొన్నిటిని చూసి చిన్నపిల్లవాడిలా నవ్వుకున్నాడు.

“బాగున్నయి తాయీ. జాగ్రత్తగ ఆడిండ్రు. మూలలు సుత ఇరగలే.”

డ్రాగన్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. ముందు వెనక చూశాడు. బల్ల కింద చీకట్లో టార్చి వెలిగించి చూశాడు. ఇంకో కార్డు పెట్టి చూశాడు. మళ్లీ డ్రాగన్ చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా నా ముందు పెట్టాడు.

“గిది అసలుది కాదు తాయీ.”

“ఏంది?”

“నకిలీది. చౌక పొట్లాలల్ల అమ్ముతరు సూడు, పిల్లల కోసం. గది. మిగిలినయన్ని అసలుయే. గిదొక్కటే...”

 ఇదన్నమాట ఇతని ఎత్తు అనుకున్నాను. వంద ప్రశ్నలు వేసి, ఇంత దూరం రప్పించి, అన్నిటికన్నా విలువైనదాన్ని నకిలీ అని, తర్వాత ‘పోనీ తీసుకుంటాలే’ అంటాడు.

“అయితే నకిలీదాని కింద ఎంతకు కొంటవ్?” అన్నాను.

“కొన.”

“అస్సలే?”

“నాకెందుకు తాయీ నకిలీది? మిగిలినయి ఇస్తే కొంట. చూడు కావాలంటే.”

టార్చి నాకిచ్చాడు. అసలు కార్డుకు నడుమ నల్లటి పొర ఒకటి ఉంటుందని, అందుకే వెలుతురు లోపలికి దూరదని చెప్పాడు. నాకు ఆ సమయంలో చూడాలని లేదు. మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

“పాండి. మా కార్డులు మాకుంటయి. మీ టార్చి మీకుంటది,” అన్నాడు.

వాళ్లావిడ మొదటిసారి నోరు విప్పింది. “మేం సుత పని చెడగొట్టుకొని వచ్చినం అన్నా. నకిలీది మాకు అంటగట్టాలని చూసింది మీరు,” అంది.

అతను ఆమెను వారించాడు. ఛాయ్ పైసలు ఎవరివి వాళ్లమే ఇచ్చి లేచాం.

తిరుగు బస్సులో మా ఆయన, ‘నే చెప్పలేదా’ అంటూనే ఉన్నాడు.  నాకు మాత్రం అతను ‘కొన’ అన్న ఆ చిన్న మాటే మళ్లీ మళ్లీ వినిపించింది. ధర దించాలనుకున్న మనిషి ధర చెప్పాలి కదా.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. దుకాణంలో మనుషులు లేరు. తలుపు వేసి, ఫోన్ టార్చి మీద ఒక మామూలు కార్డు పెట్టాను. మొద్దుగా, నల్లగా ఉండిపోయింది. డ్రాగన్ పెట్టాను. దాని కడుపులోంచి వెలుతురు బయటికొచ్చింది. నేను చీర అంచును దీపానికి పట్టి చూసినట్టు, వెనక ఉన్న అక్షరాలు ముందుకు కనిపించాయి. మళ్లీ మళ్లీ మార్చి పెట్టి చూశాను. ప్రతిసారీ అంతే.

ఆ పిల్ల మేనమామ తెచ్చిన కార్డులన్నీ అసలువైతే, ఇది ఒక్కటే నకిలీ ఎలా అవుతుంది? మధ్యలో ఎవరో మార్చారు. ఆ ఆలోచన రాగానే ఇంకో ఆలోచన దాని వెనకే తలుపు తోసుకుని వచ్చింది. మా తమ్ముడు. చిన్నప్పుడు ఆ కార్డు కోసం ఏడ్చి గోల చేసినవాడు వాడే. నా పెళ్లిదాకా డబ్బా ఉన్న ఇంట్లో ఉన్నదీ వాడే. ఇప్పుడు ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులో పనిచేస్తున్నాడు, మా అమ్మ, మేం అవ్వ అంటాం, వాడి దగ్గరే ఉంటుంది. ఆ మధ్యే వాడు మోటార్ సైకిల్ కొన్నాడు. ఎప్పుడో పోయిన కార్డుకూ మొన్న కొన్న బండికీ సంబంధం ఏముంటుంది? కానీ అనుమానం లెక్క చూసుకుని రాదు.

ఫోన్ చేశాను. ఎంత తేలిగ్గా అడగాలనుకున్నానో అంత మోటుగా వచ్చింది.

“నా డ్రాగన్ కార్డు ఎవరికమ్మినవ్ రా?”

వాడు గొంతు తగ్గించాడు. నాకు అదే సాక్ష్యంలా అనిపించింది.

“నేను అమ్మలేదక్కా.”

“మరెట్ల మారింది? దానికి కాళ్లొచ్చినయా?”

“అమ్మలే అని చెప్తున్న కద.”

“తీసినవా లేదా? గది చెప్పు.”

“నీకు గంత అనుమానముంటే వచ్చి ఇల్లంత వెతుక్కో,” అని పెట్టేశాడు.

అమ్మలేదన్నాడు గానీ తీయలేదని అనలేదు. ఆ తేడా నాకు వినిపించింది. రెండు రోజులు మిషన్ మీద కూర్చున్నా కుట్టు వంకర పోయింది. మూడో రోజు ఒక్కదాన్నే ఆదిలాబాద్ బస్సెక్కాను. మా ఆయన వస్తానన్నాడు. వద్దన్నాను.

నేను వెళ్లేసరికి తమ్ముడు మిల్లులో ఉన్నాడు. అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి సంతోషపడింది. తర్వాత నా ముఖం చూసి, చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

“ఏమైందే? ఆయనతోని కొట్లాడినవా?”

“లేదవ్వా.” డబ్బా తీసి, డ్రాగన్ కార్డు ఆమె చేతిలో పెట్టాను. “గిది మార్చింది తమ్ముడే కదా? నిజం చెప్పు.”

అవ్వ కార్డును దూరంగా పట్టుకుని చూసింది. అప్పుడు ఆమె మొహంలోకి వచ్చిన దాన్ని నేను భయమనుకున్నాను. తర్వాత చూస్తే అది సిగ్గు.

“వాడు కాదు బిడ్డా. నేను.”

నేను డబ్బా పక్కన పెట్టి ఆమె ముందు కూర్చున్నాను.

అవ్వ చెప్పింది ఇది. నేను ఊళ్లో లేని రోజుల్లో, ఎండాకాలం సెలవులకు మేనత్త ఇంటికి పోయినప్పుడు, తమ్ముడు కార్డును డబ్బాలోంచి తీసి అంగీ జేబులో పెట్టుకుని స్నేహితులకు చూపించడానికి పోయాడు. ఇంటికొచ్చి అంగీ విప్పి పడేశాడు. అవ్వ జేబు చూడకుండా దాన్ని సబ్బుపొడి నీళ్లలో నానబెట్టి, బండ మీద వేసి ఉతికింది. కార్డు ముద్దయిపోయింది.

“వాడు ఒకటే ఏడ్పు. అక్క సంపుతది అవ్వా అని. నువ్వేమో గా పిల్ల పోయినప్పటి సంది అన్నం సరిగ తింటలేవు. నీకేం చెప్పాలె? గప్పుడు అంగట్ల గిసొంటి బొమ్మలు పొట్లాలల్ల అమ్ముతుండ్రు. పోయి కొన్న. ఇప్పితే పులి ఒచ్చింది. ఇంకోటి కొన్న. కప్ప ఒచ్చింది. గీ రెక్కలది వచ్చేదాక కొన్న. అంగడాయన నవ్విండు. ముసలవ్వ గూడ ఆడుతదా అన్నడు. గప్పుడు నేను ముసల్దాన్న?”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు గుర్తువట్టలే. నవ్వుకుంట డబ్బల పెట్టుకున్నవ్. ఇంకేం చెప్పాలె? వాని తోని ఒట్టు పెట్టిచ్చుకున్న, అక్కకు చెప్పద్దని.” ఆమె కార్డును కొంగుతో తుడిచింది. “నిప్పు, రెక్కలు... గంతే చూసిన. అసలుది నకిలీది అని నాకేం తెలుసు? గిప్పుడెట్ల తెలిసింది నీకు?”

“లైటు పెట్టి చూసిండ్రవ్వా.”

“మరి నీ తమ్మునికి సుత లైటు పెట్టి చూడకపోయినవా?”

కోపంగా అనలేదు. నేను ఆమె పక్కన పెట్టిన గిన్నె అందుకుని గింజలు తీయసాగాను.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. ఒంటి మీద పత్తి నూగు. నన్ను చూసి బండి స్టాండు వేయడానికి ఎంతసేపు పట్టాలో అంతకన్నా ఎక్కువసేపే వేశాడు. అవ్వ చెప్పేసిందని వాడికి నా ముఖం చూస్తేనే తెలిసింది.

“తీసింది నిజమే అక్కా,” అన్నాడు. “అమ్మింది అబద్ధం.”

“ఫోన్లనే చెప్పొచ్చు కద రా. అవ్వ ఉతికింది అని ఒక్క మాట.”

“ఒట్టు ఉన్నది కద.” తాళంచెవి జేబులో వేసుకుని, “నువ్వు నన్ను దొంగ అన్నంక చెప్పబుద్ధి కాలేదు,” అన్నాడు.

నేను వాడి భుజం మీది నూగు దులిపాను. వాడు వద్దనలేదు, దగ్గరికీ రాలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం, పొట్లాల్లో మిగిలిన పులులూ కప్పలూ అవ్వ తనకే ఇచ్చిందని, వాటితో కాలనీలో తానే రాజునని చెప్పాడు. ముగ్గురం నవ్వాం. అంత మాట అన్నాక ఆ ఒక్క నవ్వుతో అంతా పోదని నాకు తెలుసు. ఆ తర్వాత కూడా చాలారోజులు వాడి ఫోన్‌లో ‘ఆ అక్కా, చెప్పు’ అనే గొంతు కాస్త పొడిగానే ఉండేది.

కరీంనగర్ తిరిగొచ్చేసరికి బెంగళూరాయన మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. నేనే ఫోన్ చేసి చెప్పాను.

“సార్, ఆ డ్రాగన్ కార్డు అసలుది కాదు. నాకు ఇప్పుడే తెలిసింది. మీరు ఇంకోటి చూసుకోండి.”

ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

“తెలుసమ్మా. ఫొటో చూసినప్పుడే తెలుసు.”

“తెలిసి ఎందుకు కొంటనన్నరు?”

“అది నేను చూసుకుంటాను. మీరు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి పంపండి చాలు. మీ ఫొటోలు సహజంగా ఉన్నాయి. పాత దుప్పటి, పాత డబ్బా, పల్లెటూరి ఇల్లు... చూస్తే ఎవరైనా నమ్ముతారు. కాకపోతే గుంపులో నకిలీ అని చెప్పకండి.”

ఏమీ అడగకుండా ఎందుకు కొంటానన్నాడో అప్పుడు అర్థమైంది. అతనికి కావలసింది కార్డు కాదు, మా ఇల్లు. ఎవరో ఒక అమాయకుడికి దాన్ని ఇంకా పెద్ద ధరకు అంటగట్టడానికి నా మంచం, నా డబ్బా సాక్ష్యం. ఇవ్వనని చెప్పాను. అతను మర్యాదగానే ధర పెంచాడు. అతని నంబరు బ్లాక్ చేసేశాను. మా ఆయనకు చెప్పాను. విని, “గా భైంసాయనకు ఫోన్ చెయ్యి,” అన్నాడు.

చేయడానికి నాకు సిగ్గేసింది. రెండు మూడు రోజులు వాయిదా వేశాను. ఈలోగా అతనే ఒక లింకు పంపాడు. నేను మొదట చూడనే కూడదనుకున్నాను, ఇలాంటి లింకుల్లో ఏముంటుందో ఎవరికి తెలుసు? కింద అతను రాసిన మాట చదివాక తెరిచాను: ‘తాయీ, ఈ దుప్పటి మీదేనా?’

ఇంకేదో సైటులో నా డ్రాగన్ కార్డు అమ్మకానికి ఉంది. అదే పచ్చపూల దుప్పటి. అమ్మేవాడి పేరు ఎప్పుడూ వినలేదు. ‘మా అమ్మమ్మ పెట్టెలో దొరికింది’ అని రాసి ఉంది. కార్డేమో నా బీరువాలో ఉంది. డబ్బు కట్టినవాడికి వచ్చేది ఖాళీ కవరో, ఇంకో పొట్లం బొమ్మో.

సైటుకు ఫిర్యాదు పెట్టాను. నా ఫిర్యాదు అందిందని, పరిశీలిస్తామని ఒక జవాబు వచ్చింది. మర్నాడూ అదే జవాబు. గుంపులో పెడితే, అక్కడివాళ్లు ఫొటో మీదేనని రుజువేమిటన్నారు. ఈసారి నాకు ఒళ్లు మండలేదు. కాగితం మీద పేరు, తేదీ రాసి, అదే దుప్పటి పరిచి, కార్డు వెనక టార్చి వెలిగించి వీడియో తీసి పెట్టాను. నకిలీ కార్డులోంచి వెలుతురు ఎలా వస్తుందో అందరికీ కనిపించేలా. భైంసాయన దాని కింద తెలుగులో, హిందీలో, మరాఠీలో హెచ్చరిక రాశాడు. వారం తిరక్కుండా ఆ ప్రకటన కనిపించకుండా పోయింది. సైటు వాళ్లు తీశారో, వాడే తీసి ఇంకోచోట పెట్టాడో తెలియదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ వెతుకుతుంటాను.

మిగిలిన కార్డులు భైంసాయనకే అమ్మాను. గుంపులో అమ్మితే నమ్మించుకోవడానికి బారెడు నియమాలుంటాయి, యాప్‌లో దొంగల భయం. చివరికి మా ఇద్దరికీ కుదిరింది పోస్టాఫీసే. ముందు డబ్బు అని నేను, ముందు కార్డులు అని వాళ్లావిడ కాసేపు పట్టుబట్టాం. సగం ముందు, సగం అందాక అని తెగింది. నేను ప్యాక్ చేస్తుంటే మా ఆయన మొదటి నుంచి చివరిదాకా వీడియో తీశాడు. అక్కడ అతను విప్పుతుంటే వాళ్లావిడ తీసింది. రెండు వీడియోలూ ఒకరికొకరం పంపుకున్నాం. నేను వాళ్ల వీడియోలో ప్రతి కార్డునూ ఆపి ఆపి చూశాను. వాళ్లూ మాది అలాగే చూసి ఉంటారు.

మిగతా సగం వచ్చిన సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

“ఒక మాట తాయీ. గా నకిలీ డ్రాగన్ అమ్ముతవా? గుంపుల కొత్తగ వచ్చేటోళ్లకు చూపియ్యనీకె. నకిలీ అని వెనక రాసి పెట్టుకుంట.”

నాకు మళ్లీ అనుమానం వచ్చింది. ఇతనికి నిజంగా అందుకేనా? అతని మీద ఇంత గురి కుదిరాక కూడా ఆ ప్రశ్న లేవకుండా ఆగలేదు.

“అది నాది కాదు. మా అవ్వది. అడిగి చెప్తా,” అన్నాను.

ఆదిలాబాద్‌కు ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తి, స్పీకర్ పెట్టి అవ్వకిచ్చాడు. అవ్వకు సంగతంతా చెప్పాను.

“ఇయ్యను,” అంది. “అయినా నకిలీదాని కోసం మళ్ల ఫోన్ జేసిండంటే, ఎందుకు జేసిండో జర లైటు పెట్టి చూడు.”

వెనక తమ్ముడు నవ్వడం వినిపించింది.